మొదటిసారి ప్రజారోగ్య సదస్సుకు వెళ్తున్నాను. పోస్టర్ ముందు నిలబడి ఏం మాట్లాడాలి?

కొత్తపలక | ఆదివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ప్రజారోగ్యంలో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంతకాలం ఈ వేదికలో చదివి వెళ్ళిపోవడమే తప్ప ఏనాడూ ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మూడు నెలల క్రితం మా గైడు పోరు పడలేక ఒక సదస్సుకు అబ్‌స్ట్రాక్ట్ (పరిశోధన సారాంశం) పంపాను. 250 పదాలు. ఎలాగూ తిరగ్గొడతారులే అన్న ధైర్యంతోనే పంపాను. నిన్న మెయిల్ వచ్చింది, పోస్టర్ ప్రదర్శనకు తీసుకున్నారట. సంతోషం ఓ పది నిమిషాలు నిలిచింది. అప్పటినుంచి ఒకటే గాభరా.

నా పని తట్టు టీకా మీద. మొదటి డోసు వేయించిన పిల్లల్లో కొందరికి రెండో డోసు సమయానికి ఎందుకు పడటం లేదన్నది ప్రశ్న. కొన్ని టీకా కేంద్రాల్లో కూర్చుని, అక్కడికి వచ్చిన తల్లులను ప్రశ్నావళితో అడిగాను. ఎక్కువ మంది చెప్పిన కారణం ఒక్కటే: తేదీ గుర్తులేదు. కాబట్టి ఫోనుకు ముందుగా సందేశం పంపితే మేలని నా సిఫారసు.

నా సందేహాలు ఇవి. పోస్టర్ దగ్గరికి ఎవరైనా వస్తే మాట ఎలా మొదలుపెట్టాలి? ఒకే సమయంలో అయిదు హాళ్ళలో ప్రసంగాలు ఉన్నాయి, ఏది వినాలో ఎలా తేల్చుకోవాలి? పెద్దవాళ్ళను మనంతట మనం పలకరించవచ్చా? ఎవరైనా నాకు తెలియనిది అడిగితే ఏం చేయాలి? ఈ చివరిదే అసలు భయం.

పాతకాపు | ఆదివారం, రాత్రి 11:25

అభినందనలు. గాభరా సంగతి తర్వాత, ముందు బోర్డు కొలత కనుక్కోండి. హాస్యానికి అనడం లేదు. చాలాచోట్ల ఏ-జీరో కాగితం అడుగుతారు, అంటే 841 మిల్లీమీటర్లకు 1189 మిల్లీమీటర్లు. దాన్ని నిలువుగా పెట్టాలా అడ్డంగా పెట్టాలా అన్నది మాత్రం సదస్సు సదస్సుకూ మారుతుంది. నా మొదటి పోస్టర్‌ను అడ్డంగా అచ్చు వేయించుకుని వెళ్ళాను. తీరా చూస్తే బోర్డులన్నీ నిలువువి. రెండు పక్కలా ఏనుగు చెవుల్లా వేలాడుతున్న పోస్టర్ ముందు రెండు గంటలు నిలబడ్డాను. పక్క బోర్డు ఆయన తన ఫలితాలు ఎవరికైనా చూపించాలంటే ముందు నా చెవి ఎత్తిపట్టుకోవాల్సి వచ్చింది. పాపం, ఆ రెండు గంటలూ ఒక్క మాట అనలేదు.

ఇక మాట సంగతి. వచ్చినవారికి పోస్టర్ చదివి వినిపించకండి, వాళ్ళకూ కళ్ళున్నాయి. ఏం తెలుసుకోవాలనుకున్నాను, ఎవరిని అడిగాను, ఏం తేలింది, దానివల్ల ఏం మారాలి. ఈ నాలుగూ ఒక్క నిమిషంలో చెప్పేలా ఇంట్లో పదిసార్లు గట్టిగా అనుకోండి. చెప్పాక ఆగిపోండి. కష్టమంతా ఆ ఆగడంలోనే ఉంది. ఎదుటివాళ్ళు ఆలోచిస్తున్న ఆ నాలుగు క్షణాల నిశ్శబ్దాన్ని తట్టుకోలేక మనం మళ్ళీ వాగడం మొదలుపెడతాం, వాళ్ళు అడగబోయిన ప్రశ్న గొంతులోనే ఉండిపోతుంది.

తెలియనిది అడిగితే "తెలియదు" అనండి. ఆ తర్వాత "మీరైతే దాన్ని ఎలా చూస్తారు?" అని అడగండి. ఆ రెండో వాక్యంతోనే పరీక్ష కాస్తా సంభాషణ అవుతుంది.

వెనకబెంచి | సోమవారం, ఉదయం 7:10

నా మొదటి సదస్సు అనుభవం చెబుతాను, మీకు కాస్త ధైర్యం వస్తుంది. ఎవరూ రాకపోతే బాగుంటుందని మొక్కుకుంటూ నిలబడ్డాను. మొక్కు ఫలించింది. గంటన్నరలో ఇద్దరు వచ్చారు. మొదటాయన నాలుగో నంబరు హాలు ఎక్కడని అడిగాడు. రెండో ఆవిడ నా పోస్టర్‌ను చాలా శ్రద్ధగా చూస్తోందని మురిసిపోయాను, గుండుసూదులు మిగిలాయా అని అడిగింది. ఇచ్చాను. ఇప్పుడు మేమిద్దరం కలిసి ఒక పరిశోధన చేస్తున్నాం. గుండుసూదులు ఎక్కువ తీసుకువెళ్ళండి.

హారం_ముఖ్యం | సోమవారం, ఉదయం 9:32

పోస్టర్ అచ్చుకు పోకముందే కొన్ని విషయాలు.

ప్రతి శాతం పక్కన "ఎంతమందిలో" అన్నది రాశారా? లవం కనిపించి హారం కనిపించకపోతే నాలాంటివాళ్ళు అక్కడే ఆగిపోతారు, మీ అందమైన ముగింపు దాకా రారు. పి-విలువ (అసలు తేడాయే లేకపోతే ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) ఒక్కటే వేసి వదిలేయకండి, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఉండగల హద్దులు) కూడా ఇవ్వండి. తేడా ఎంత పెద్దదో, మన అంచనా ఎంత వదులుగా ఉందో పి-విలువ ఒక్కటే చెప్పలేదు. మీలాంటి పరిశీలనాత్మక అధ్యయనాల కోసం 2007లో స్ట్రోబ్ అనే 22 అంశాల చెక్‌లిస్టు ప్రచురించారు. పోస్టర్‌లో అన్నీ పట్టవు. కానీ ఆ 22లో ఏది అడిగినా మీ దగ్గర జవాబు ఉండాలి.

ఇంకొకటి. తల్లులను టీకా కేంద్రాల్లోనే కలిశానన్నారు. ఆ ఎంపిక గురించి ఎవరైనా అడిగితే ఏం చెబుతారు?

కొత్తపలక | సోమవారం, మధ్యాహ్నం 1:15

పాతకాపు గారూ, ఇప్పుడే నిర్వాహకులకు మెయిల్ పెట్టాను. నిలువు బోర్డులేనట. నేను అడ్డంగా తయారుచేసి కూర్చున్నాను! మీ ఏనుగు చెవులు నన్ను కాపాడాయి.

హారం_ముఖ్యం గారూ, ఎంపిక గురించి "పరిమితులు" అన్న పెట్టెలో ఒక వాక్యం ఉంది: "సౌలభ్యాన్ని బట్టి ఎంచుకున్న నమూనా కాబట్టి ఈ ఫలితాలను అందరికీ వర్తింపజేయలేము." అందరూ రాసేదే కదా, సరిపోతుందనుకుంటున్నాను.

హారం_ముఖ్యం | సోమవారం, మధ్యాహ్నం 1:22

సరే.

సూక్ష్మదర్శిని | సోమవారం, సాయంత్రం 6:48

ఆనందంగా ఉన్న ఇంట్లో అపశకునం పలుకుతున్నానని అనుకోకండి. నేను ప్రయోగశాల మనిషిని, పన్నెండేళ్ళుగా సదస్సులకు తిరుగుతున్నాను. నూటికి తొంభై ప్రసంగాలు అప్పటికే అచ్చైనవి, లేదా ఎన్నటికీ అచ్చుకానివి. ఒకే గుంపు ప్రతిసారీ ఒకరినొకరు మెచ్చుకుంటుంది. ప్రతి రెండో స్లైడ్ మీద ఆరోగ్య ప్రోత్సాహం గురించి 1986 నాటి ఒట్టావా ప్రకటన ఉంటుంది, చెప్పే మనిషి దాన్ని ఆ ఉదయమే కనిపెట్టినట్టు చెబుతాడు. రికార్డింగులు తర్వాత ఎలాగూ పెడతారు. ఆ మూడు రోజులూ గదిలో కూర్చుని థీసిస్ రాసుకుంటే రెండు అధ్యాయాలు అయిపోతాయి.

పాతకాపు | సోమవారం, రాత్రి 9:05

సూక్ష్మదర్శిని గారూ, మూడు రోజులకే ఇంత విసుగా? దేశాల మధ్య మొదటి పారిశుద్ధ్య సదస్సు 1851లో పారిస్‌లో జరిగింది. 12 దేశాలు, ఒక్కో దేశం నుంచి ఒక వైద్యుడు, ఒక దౌత్యవేత్త. కలరా వస్తే ఓడలను ఎన్నాళ్ళు ఆపాలన్నది తగవు. దాదాపు ఆరు నెలలు మాట్లాడుకున్నారు. కలరా అసలు అంటువ్యాధా కాదా అన్నదానిమీదే ఏకాభిప్రాయం కుదరలేదు. నిలిచి అమలైన మొదటి ఒప్పందం రావడానికి 1892 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే 41 ఏళ్ళు.

మీరన్న తొంభై పాళ్ళు పొట్టు నిజమే, ఒప్పుకుంటాను. కానీ రికార్డింగులో ప్రసంగం దొరుకుతుంది, ప్రసంగం అయ్యాక తలుపు దగ్గర జరిగే మాటలు దొరకవు. నాకు పనికొచ్చినవన్నీ తలుపు దగ్గర విన్నవే.

సూక్ష్మదర్శిని | సోమవారం, రాత్రి 9:20

ఆరు నెలలు కూర్చుని ఏమీ తేల్చలేదంటే అది నా వాదనకే బలం కదండీ!

పాతకాపు | సోమవారం, రాత్రి 9:24

రాస్తున్నప్పుడే అనుకున్నాను, మీరు ఇలా పట్టుకుంటారని.

నిలువుగీత | మంగళవారం, ఉదయం 11:00

పోస్టర్ రూపం గురించి ఎవరూ చెప్పలేదు. 2019లో మైక్ మోరిసన్ అనే పరిశోధక విద్యార్థి ఒక వీడియో పెట్టి పెద్ద దుమారం రేపాడు. పోస్టర్ నడుమ అసలు ఫలితం ఒకే ఒక్క వాక్యంగా, మామూలు మాటల్లో, దూరం నుంచి కనబడేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. వివరాలు పక్కల సన్నగా ఉండాలి. మిగతాది క్యూఆర్ కోడ్ వెనక ఉండాలి. ఇదీ అతని వాదన. నేను రెండుసార్లు అలా చేశాను. జనం ఆగుతారు.

హారం_ముఖ్యం | మంగళవారం, ఉదయం 11:40

ఆగుతారు, నిజమే. ఆగి ఆ ఒక్క వాక్యాన్ని నమ్మి వెళ్ళిపోతారు. పద్ధతి ఏమిటో చూడకుండా ఫలితాన్ని నమ్మే అలవాటు ఈ రంగానికి అసలే ఎక్కువ, దాన్ని ఇంకా పెద్ద అక్షరాల్లో పెంచడం దేనికి?

నిలువుగీత | మంగళవారం, మధ్యాహ్నం 12:05

పట్టికలు చదవని మంత్రుల కోసమే కదా ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో పూరేకుల ఆకారంలో ఆ పటం గీసింది. సైనికులు గాయాలకంటే నివారించదగిన జబ్బులతోనే ఎక్కువమంది చనిపోతున్నారని ఒక్క చూపులో తెలిసేలా. ఆవిడ కూడా పెద్ద అక్షరాల మనిషేనండీ.

హారం_ముఖ్యం | మంగళవారం, మధ్యాహ్నం 12:30

ఆ పటం వెనక వందల పేజీల నివేదిక ఉంది. మీ క్యూఆర్ కోడ్ వెనక ఏముందో ఎవరు చూశారు?

నిర్వాహకుడు | మంగళవారం, మధ్యాహ్నం 2:00

పోస్టర్ల రూపంపై తగవుకు వేరే చర్చ తెరిచాను, నిలువుగీత గారూ హారం_ముఖ్యం గారూ అక్కడ కొనసాగించగలరు. ఇక్కడ కొత్తపలక గారి ప్రశ్నలకే పరిమితమవుదాం. అయిదు హాళ్ళ ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

ఊరూరా_నడక | మంగళవారం, రాత్రి 8:15

నేను క్షేత్రస్థాయిలో పాతికేళ్ళు పనిచేశాను. హాళ్ళ విషయంలో నా పద్ధతి ఇది. మీ అంశం మీద జరిగే ప్రసంగాలకు ఒకటి రెండింటికి వెళ్ళండి, అంతే. అవి మీకు సగం తెలిసినవే. మిగతా సమయం మీకు బొత్తిగా సంబంధం లేని హాల్లో కూర్చోండి. టీకాల మనిషి తాగునీటి హాల్లో, నీటి మనిషి మానసిక ఆరోగ్యం హాల్లో. పద్ధతులు అలాగే ఒకచోటి నుంచి ఒకచోటికి పాకుతాయి. సదస్సుకు ముందురోజు వర్క్‌షాపు ఏదైనా ఉంటే వదలకండి. అక్కడ ఇరవై మంది ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు, మరునాడు వేలమంది మధ్య ఆ ఇరవై ముఖాలే మీకు తెలిసిన ముఖాలు అవుతాయి.

నచ్చని ప్రసంగం మధ్యలో లేచిపోవచ్చా అంటే, పోవచ్చు. తలుపు పక్క కుర్చీ అందుకే ఉంది. ఒకరి తర్వాత ఒకరికి మధ్య చప్పట్లు పడే సమయంలో లేవండి.

పెద్దవాళ్ళ గురించి: వాళ్ళను పొగడకండి. వాళ్ళ పనిలో మీరు నిజంగా చదివిన ఒక్క విషయం గురించి ఒక్క ప్రశ్న అడగండి. పొగడ్తకు కృతజ్ఞతలు చెప్పి వెళ్ళిపోతారు. ప్రశ్నకైతే ఆగుతారు.

కొత్తపలక | మంగళవారం, రాత్రి 10:50

అందరికీ కృతజ్ఞతలు. పోస్టర్ నిలువుగా మార్చాను. హారాలన్నీ చేర్చాను. నాలుగు వాక్యాలు అద్దం ముందు అనుకుంటున్నాను, మూడో వాక్యం దగ్గర ప్రతిసారీ తడబడుతున్నాను. గుండుసూదులు రెండు డబ్బాలు. వెళ్ళివచ్చి రాస్తాను.

కొత్తపలక | పదకొండు రోజుల తర్వాత, శనివారం, సాయంత్రం 5:30

వచ్చాను. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టండి.

మొదటిరోజు ఉదయం ప్రారంభ సభ. ఇంత పెద్ద హాల్లో ఎప్పుడూ కూర్చోలేదు. వక్త ముఖం ఎక్కడో దూరంగా గోరంత, తెర మీద కొండంత. పక్కవాళ్ళంతా ఏదో రాసుకుంటున్నారని నేనూ పుస్తకం తీశాను. సాయంత్రం చూసుకుంటే ఆ పేజీలో "సమన్వయం" అన్న మాట ఏడుసార్లు ఉంది, ఇంకేమీ లేదు.

తర్వాత నేను వెళ్ళాలనుకున్న హాలు ఒకటి, దూరింది ఒకటి. కూర్చున్నాక గానీ తెలియలేదు, అది వృద్ధులు జారిపడే ప్రమాదాల మీద చర్చ అని. ఊరూరా_నడక గారి మాట గుర్తొచ్చి లేవకుండా ఉండిపోయాను. ఆ మూడు రోజుల్లో నేను విన్న ప్రసంగాలన్నిటిలో మంచిది అదే. ఒకావిడ ఇళ్ళలో మెట్లకు కమ్మీలు బిగించి, బిగించని ఇళ్ళతో పోల్చింది. పోల్చే ఇళ్ళను చీటీ వేసినట్టు ఎంచుకోవడం ఎంత కష్టమో, ముందుగా సరేనన్నవాళ్ళందరూ అప్పటికే జాగ్రత్తపరులై ఉండటం ఎలా ఇబ్బంది పెట్టిందో దాచకుండా చెప్పింది. అప్పుడు అది నా పోస్టర్‌కు తగిలే మాట అని నాకు తట్టలేదు.

రెండోరోజు ఉదయం ఒక ఘనకార్యం చేశాను. ఒక వక్త పటం చూపించి, ముదురు రంగు ఉన్నచోట కేసులు ఎక్కువ కాబట్టి సిబ్బందిని అక్కడికే పంపాలన్నాడు. నాకు హారం_ముఖ్యం గారి గొంతు చెవిలో వినిపించింది (గొంతు నేనెప్పుడూ వినలేదనుకోండి). చేయి ఎత్తాను. మైకు నా దాకా వచ్చేసరికి ప్రశ్న సగం మర్చిపోయాను. "అవి కేసుల సంఖ్యా, జనాభాతో భాగించిన రేటా?" అని అడిగాను. గొంతు వణికింది, "రేటా" అన్నది కీచుమంది. ఆయన పటం వైపు తిరిగి ఒక క్షణం చూసి, "సంఖ్యే. జనం ఎక్కువున్నచోట రంగు ముదురుగా వచ్చింది, మీరు అడిగింది సబబే" అన్నాడు. కూర్చున్నాక మోకాళ్ళు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. ఆ ఊపులో మధ్యాహ్నం నా పోస్టర్ దగ్గరికి వెళ్ళాను.

కొత్తపలక | శనివారం, సాయంత్రం 6:10

మొదటి గంటలో ఆరేడుగురు వచ్చారు. నాలుగు వాక్యాలు చెప్పాను, మూడోది తడబడకుండానే వచ్చింది. అందరూ తల ఊపారు, బాగుందన్నారు, ఫోటో తీసుకున్నారు. ఇంతేనా అనిపించింది. కొంచెం పొగరు కూడా ఎక్కిందేమో.

చివర్లో ఒకావిడ వచ్చింది. నెరిసిన జుట్టు, బ్యాడ్జి తిరగబడి ఉంది, పేరు కనబడలేదు. నేను నోరు తెరవబోతే చేత్తో ఆపి, తనే చదవడం మొదలుపెట్టింది. అందరూ ముందు ముగింపు చూస్తారు కదా, ఆవిడ పద్ధతి దగ్గర మొదలుపెట్టింది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కాగితానికి జానెడు దూరంలో నిలబడి, "టీకా కేంద్రాలకు వచ్చిన తల్లులు" అన్న మాట మీద వేలు పెట్టింది. వేలు తీయలేదు.

"వీళ్ళందరూ వచ్చారు కదా?"

"వచ్చారు మేడమ్."

"ఆలస్యంగానైనా వచ్చారు."

"అవును."

"మరి రానివాళ్ళు?"

పరిమితుల పెట్టె చూపించాను. ఆవిడ దాన్ని చదివి నవ్వింది, వెటకారంగా కాదు. "ఇది పరిమితి కాదు, ఇదే మీ ప్రశ్న. మర్చిపోయినవాళ్ళు గుర్తొచ్చాక వస్తారు, మీకు దొరుకుతారు. ఇల్లు మారినవాళ్ళు, మొదటి డోసుకు బిడ్డకు జ్వరం వస్తే భయపడినవాళ్ళు, పనిచోట సెలవు దొరకనివాళ్ళు, కేంద్రంలో ఎవరో కసిరితే మళ్ళీ గడప తొక్కనివాళ్ళు మీకు అక్కడ ఎలా కనబడతారు? వచ్చినవాళ్ళను పట్టుకుని ఎందుకు రాలేదని అడిగారు మీరు."

నేను ఏమీ అనలేదు. పాతకాపు గారు చెప్పిన "మీరైతే ఎలా చూస్తారు" అన్న వాక్యం గుర్తురావడానికి చాలాసేపు పట్టింది. అడిగాను. ఆవిడ అక్కడే నిలబడి అరగంట చెప్పింది. తట్టు ఎంత వేగంగా పాకుతుందో మనకు తెలుసు, రక్షణ బొత్తిగా లేని జనంలో ఒక్క రోగి నుంచి 12 నుంచి 18 మందికి సోకుతుంది, అందుకే 95 శాతం పిల్లలకు రక్షణ కావాలంటారు. మిగిలిన అయిదు శాతం జనమంతటా చెదిరి ఉంటే ఒక లెక్క, ఒకేచోట పోగుపడితే ఇంకో లెక్క. సగటు చూసి ధైర్యపడ్డ చోట ఆ పోగులోనే తట్టు రేగుతుంది. రానివాళ్ళు సాధారణంగా పక్కపక్కనే ఉంటారు, వాళ్ళను రానివ్వని కారణం కూడా వాళ్ళ మధ్యే ఉంటుంది అంది.

వెళ్తూ వెళ్తూ పోస్టర్ బాగుందని కూడా అంది. హారాలన్నీ ఉన్నాయట.

గదికి వెళ్ళి చాలాసేపు దీపం వేయకుండా కూర్చున్నాను. హారం_ముఖ్యం గారూ, మీరు ఇదే ప్రశ్న ఇక్కడ సోమవారం ఉదయమే అడిగారు. నేను "అందరూ రాసేదే కదా" అన్నాను. మీరు "సరే" అన్నారు. ఆ "సరే" ఇప్పుడు చదివితే ఒళ్ళు మండుతోంది, మీ మీద కాదు.

వెనకబెంచి | శనివారం, సాయంత్రం 6:35

రేటు ప్రశ్న అడిగినందుకు నా తరఫున చప్పట్లు. నేను ఇప్పటికీ మైకు పట్టుకోలేను.

హారం_ముఖ్యం | శనివారం, రాత్రి 7:20

ఆ "సరే"కు నేనూ క్షమాపణ చెప్పాలి. విడమరచి చెప్పి ఉండవలసింది. టైపు చేయడానికి బద్ధకించాను, నిజం చెప్పాలంటే మీరు వినరనుకున్నాను. వేలు పెట్టి చూపించడం, జవాబు కోసం ఆగడం, ఆ రెండూ ఇక్కడ రాతలో కుదరవు.

సూక్ష్మదర్శిని | శనివారం, రాత్రి 7:45

ఒక్క మనిషి, అరగంట. మిగతా మూడు రోజుల లెక్క నా మాట ప్రకారమే ఉందని గమనించగలరు. అయినా ఆ అరగంట కోసం నేనూ వెళ్ళేవాణ్ణే.

పాతకాపు | శనివారం, రాత్రి 8:30

ఆవిడ చెప్పింది ఈ రంగం పుట్టుకలోనే ఉంది. 1854లో లండన్ బ్రాడ్ వీధి కలరా, అది అక్కడి పంపు నీళ్ళవల్లే వస్తోందని వైద్యుడు జాన్ స్నో చేతిపంపు పిడి తీసేయించడం, ఈ కథ అందరూ చెబుతారు. పిడి తీసేనాటికే వ్యాధి తగ్గుముఖం పట్టిందన్న సంగతి కొందరు చెబుతారు. నాకు ఇష్టమైన భాగం వేరే. ఆయన చనిపోయినవాళ్ళను లెక్కపెట్టి ఊరుకోలేదు, చనిపోవలసి ఉండి చనిపోనివాళ్ళ వెంట పడ్డాడు. పంపుకు దగ్గర్లోనే నిరుపేదలను ఉంచే ఒక వర్క్‌హౌస్, అందులో 535 మంది, కలరాతో పోయింది అయిదుగురే. చూస్తే వాళ్ళకు సొంత బావి ఉంది. పక్కనే బీరు తయారుచేసే బట్టీ, పనివాళ్ళు ఆ పంపు జోలికే పోలేదు. దూరంగా వేరే పేటలో ఒక వితంతువు చనిపోయింది, వాకబు చేస్తే ఆవిడ ఆ పంపు నీళ్ళే ఇష్టపడి రోజూ తెప్పించుకునేదని తేలింది. మరణాలు గుర్తించిన పటం మీద గీతల గుంపు అందరికీ కనబడింది. ఖాళీగా ఉన్నచోట ఎందుకు ఖాళీ అని అడిగింది ఆయన.

ఇంకో మాట, మీ కీచుగొంతు కోసం. స్నో గొంతు బొంగురు. మొదట్లో వైద్య సంఘ సమావేశాల్లో ఆయన లేచి మాట్లాడితే ఎవరూ పట్టించుకునేవారు కాదట, ఆయన మిత్రుడు రిచర్డ్‌సన్ రాశాడు.

కొత్తపలక | శనివారం, రాత్రి 9:15

థీసిస్‌కు ఇంకా ఏడు నెలలుంది. మా గైడుకు మొత్తం చెప్పాను, ఆయన కాస్త కినుకగానే "ముందు అది ఎలా చేస్తావో రాసుకురా" అన్నారు. రానివాళ్ళను వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

హారం_ముఖ్యం | శనివారం, రాత్రి 9:50

రెండు దారులు. ఒకటి ఇంటింటి సర్వే. టీకాల కవరేజీ (ఎంత శాతం మందికి పడిందో) తెలుసుకోవడానికి ఒకప్పుడు 30 క్లస్టర్లు (ఊళ్ళు లేదా పేటలు), ఒక్కోదానిలో 7 మంది పిల్లలు, మొత్తం 210 అన్న పద్ధతి వాడేవారు. ఇంటి ఎంపికలో లోపాలున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో దాన్ని బాగా సవరించింది. పాత పద్ధతిని కళ్ళు మూసుకుని వాడకండి. అదీగాక ఒక్క విద్యార్థికి అది తలకు మించిన పని.

రెండోది టీకా కేంద్రంలోని రిజిస్టర్. మొదటి డోసు పడి, రెండో డోసు గడువు దాటినా పడనివాళ్ళ జాబితా అక్కడే ఉంటుంది. డ్రాపౌట్ రేటు లెక్క మీకు తెలుసు: మొదటి డోసు సంఖ్యలోంచి రెండో డోసు సంఖ్య తీసేసి, వచ్చినదాన్ని మొదటి డోసు సంఖ్యతో భాగించాలి. ఆ శాతాన్ని పేర్లుగా మార్చండి.

ఊరూరా_నడక | శనివారం, రాత్రి 10:20

రిజిస్టరే. అయితే దాన్ని పూర్తిగా నమ్మకండి. రెండో డోసు వేరే కేంద్రంలో పడి ఉండవచ్చు, అప్పుడు మీ జాబితాలో ఆ బిడ్డ ఉత్తపుణ్యానికి "రానివాడు" అవుతాడు. కుటుంబం వలస వెళ్ళి ఉండవచ్చు. బయటినుంచి వచ్చి చేరినవాళ్ళు ఎక్కువున్న చోట రెండో డోసు సంఖ్యే పెద్దదై, డ్రాపౌట్ రేటు సున్నా కంటే కిందికి పోతుంది. నేను చూశాను, కంగారుపడకండి. పేరు పేరునా వెళ్ళి, ప్రతి పేరు ఎదురుగా ఏమైందో రాయండి: దొరికారు, ఇల్లు మారారు, చిరునామా తప్పు, వేరేచోట వేయించారు, వద్దన్నారు, బిడ్డ చనిపోయింది. ఈ చివరి గడి కూడా ఉండాలి. తలుపు తట్టేముందే ఆ సంగతి వాకబు చేసి వెళ్ళండి, తల్లి నోటి నుంచి వినే పరిస్థితి తెచ్చుకోకండి.

దొరకనివాళ్ళను "దొరకలేదు" అని వదిలేస్తే మళ్ళీ అదే తప్పు. ఎన్నిసార్లు వెళ్ళారో రాయండి. వేరు వేరు వేళల్లో కనీసం మూడుసార్లు వెళ్ళండి. పగలు పనికి పోయేవాళ్ళు పగలు ఎలా దొరుకుతారు?

కొత్తపలక | మరుసటి గురువారం, రాత్రి 8:05

అనుమతి వచ్చింది. ఈరోజు మొదటి రిజిస్టర్ తెరిచాను. బైండు ఊడిపోయింది, సగం పేజీల్లో ఇంకు అలుక్కుపోయింది. ఒక పేజీలో రెండో డోసు గడి ఖాళీగా ఉన్నవి పదకొండు పేర్లు. ఆ పదకొండింటిలో ఎనిమిదింటికి ఫోను నంబరు గడి కూడా ఖాళీ.

నా పోస్టర్ అడుగున పెద్ద అక్షరాల్లో ఉన్న సిఫారసు మీకు గుర్తుందా? ఫోనుకు సందేశం పంపాలి.

వెనకబెంచి | గురువారం, రాత్రి 8:12

అయ్యో.

హారం_ముఖ్యం | గురువారం, రాత్రి 8:20

ఆ పేజీలో మొత్తం ఎన్ని పేర్లు? రెండో డోసు పడినవాళ్ళలో ఫోను నంబరు లేనివాళ్ళు ఎందరు?

కొత్తపలక | గురువారం, రాత్రి 8:24

మొత్తం ముప్ఫై. పడినవాళ్ళు పందొమ్మిది మంది, వాళ్ళలో నంబరు లేనిది ఇద్దరికే. మీరు అడుగుతారని ముందే లెక్కపెట్టి ఉంచాను. ఒక్క పేజీతో ఏమీ తేల్చనులెండి.